రెండు లోయలు – వేడినీటి బుగ్గలు

విహారయాత్ర అనగానే మన విద్యార్థుల చూపు ఉత్తర దిక్కునకు మళ్ళుతుంది. ఆగ్రా, ఢిల్లీ చూచినవారికి సిమ్లా కావాలి. సిమ్లా చూచినవారికి కులూ, మనాలి కావాలి. ఈ సంవత్సరము డిగ్రీ తుది తరగతి విద్యార్థులు కళాశాల కమిటీకి పెట్టుకొన్న దరఖాస్తులో హిమాచల్ ప్రదేశ్ లోని పార్వతీ లోయను కోరారు. కారణములు మూడు వ్రాశారు: అక్కడి దేవాలయములు, మణికరణ్ వేడినీటి బుగ్గలు, బియాస్ నదిలో ట్రౌట్ చేపల వేట. ఉర్దూలో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి ఇచ్చారు. ఉర్దూ ప్రతిలో దస్తూరీ ముచ్చటగా ఉన్నది; తెలుగు ప్రతిలో ఒత్తులు కొన్ని దారిలో రాలిపోయినవి. ఆ తప్పు మాదే కనుక దానిని ఇక్కడ వదిలివేస్తున్నాము. కమిటీ పెద్దలు ఆ కాగితమును మాకు పంపి అభిప్రాయము చెప్పుమన్నారు. ఒక పుటలో ముగియు అభిప్రాయము కాకపోవుటచే ఇది వ్యాసముగా పెరిగినది.

పెద్దలు సందేహించుటకు కారణమున్నది. 2014 జూన్ 8వ తేదీన హైదరాబాదు నుండి యాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు మండీ జిల్లాలోని థలౌట్ వద్ద బియాస్ నదిలో కొట్టుకొనిపోయారు. నదిలోని రాళ్ళ మీద నిలుచుండి ఫోటోలు తీసుకొంటున్న సమయమున, ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుండి నీరు విడుదల కావడముతో నిమిషములలో ప్రవాహము పెరిగినది. ఆ రాత్రి నుండి వారముల తరబడి ఈ నగరములో ఎన్ని ఇండ్లు నిద్ర లేక ఉన్నవో పెద్దలకు గుర్తు. నేటి విద్యార్థులు అప్పటికి చిన్నపిల్లలు. వారికి అది విన్న వార్త మాత్రమే. కాబట్టి కమిటీలో ఒకరు “నదులున్న చోటికి వద్దే వద్దు” అన్నారు. మేము ఆ మాటతో ఏకీభవించలేకపోయాము. నదిని చూడని విద్యార్థి నదిని గూర్చి ఏమియు నేర్చుకొనలేడు. ఏనాడో ఒకనాడు ఒంటరిగా దాని ఒడ్డుకు వెళ్ళక మానడు. అయితే మొదటి పాఠము కులూలోనే చదువవలెనా?

దరఖాస్తులోని మూడు వస్తువులును మన గోదావరి లోయలోనే, హైదరాబాదుకు సుమారు 310 కిలోమీటర్ల దూరములో, భద్రాచలము చుట్టుప్రక్కల ఉన్నవి. పైగా ఆ రెండు లోయలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు తెలియు విషయములు, ఒక్కదానిని చూచినప్పుడు తెలియవు.

ముందుగా మాట సంగతి. వేడినీటి ఊటను మన ఉర్దూ విభాగము వారు గరమ్ చష్మా అంటారు. చష్మ్ అనగా కన్ను. కంటి నుండి నీరు వచ్చినట్లు నేల నుండి ఊరేది చష్మా. కంటికి పెట్టుకొనే అద్దములకును అదే పేరు వచ్చినది. అరబ్బీలోని ఐన్ అను పదమునకు కూడ కన్ను, ఊట అను రెండర్థములున్నవి. తెలుగువాడు మాత్రము కన్ను విడిచి క్రిందికి దిగి బుగ్గ అన్నాడు. నీరు బుడగలుగా ఉబికి వచ్చుచోటు బుగ్గ. ముఖము మీద ఉబికియున్నదీ బుగ్గయే. మణుగూరు ప్రాంతమున బుగ్గ అని ఒక ఊటకే పేరు నిలిచిపోయినది. వేడినీటి మడుగునకు సంస్కృతమునుండి తెచ్చుకొన్న ఉష్ణగుండము అను పేరు గ్రంథములలో కనిపించును. భద్రాచలము దగ్గరి గుండాల అను గ్రామనామములో ఆ గుండమే పలుకుచున్నదని మా ఊహ.

ఇక నీరు ఎందుకు వేడెక్కును? ఈ ప్రశ్నను మేము విద్యార్థులకు తరగతి గదిలో కాక విశ్వవిద్యాలయ ప్రాంగణములో వేశాము. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో ప్రారంభమైనది. గులాబి వన్నె గ్రానైటుతో కట్టినది. ఆ మెట్ల మీద కూర్చుండి ఎం.ఏ. చదివినవారము గనుక ఆ రాతి చల్లదనము మాకు బాగుగా తెలుసును. ఆ రాయి ఎక్కడినుండియో వచ్చినది కాదు. హైదరాబాదు అంతయు ఇట్టి గ్రానైటు మీదనే కూర్చున్నది. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ప్రాంగణము దాటి, తార్ అనగా తీగ, నాకా అనగా చౌకీ అని పెద్దలు అర్థము చెప్పే తార్నాకకు వచ్చి, అక్కడి నుండి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వైపు నడిచినచో 1961లో స్థాపించబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కనబడును. మన విద్యార్థులు ప్రతిదినము బస్సులో దాని ముందునుండే పోవుచుందురు. దేశములో ఎక్కడ నేల ఎంత వేడిని పైకి పంపుచున్నదో బోరుబావులలో ఉష్ణమాపకములు దించి కొలిచిన వారిలో ఆ సంస్థ శాస్త్రజ్ఞులు ముఖ్యులు.

భూమి లోపలికి పోయిన కొలది వేడి పెరుగును. ఇది అందరికీ తెలిసినదే. ప్రపంచములో సాధారణముగా కిలోమీటరు లోతునకు 25 నుండి 30 డిగ్రీలు పెరుగునని లెక్క. ఆ వేడిలో కొంత భాగము భూమి పుట్టుకనాటిది. కొంత భాగము రాళ్ళలోని యురేనియము, థోరియము, పొటాసియము అను ధాతువులు కాలక్రమమున విచ్ఛిన్నమగుటచే పుట్టుచున్నది. ఖండభాగములలో ప్రతి చదరపు మీటరు నేల నుండి బయటికి వచ్చు వేడి సగటున 65 మిల్లీవాట్లు. వేయి చదరపు మీటర్ల వేడిని ప్రోగుచేసినను ఒక బల్బు వెలుగునంత మాత్రమే. దక్కను గ్రానైటు ప్రాంతములో అది ఈ సగటుకంటె చాల తక్కువ. మన క్రింద నేల ముసలిది, చల్లబడినది, గట్టిది. అందుకే తార్నాకలో ఎంత లోతు బోరు వేసినను మనకు వేడినీళ్ళు రావు. ఇటీవల వేసవులలో చన్నీళ్ళు కూడ రావడము లేదు.

గోదావరి లోయ కథ వేరు. ప్రాణహిత కలియు చోటినుండి భద్రాచలము మీదుగా సముద్రము వైపు, వాయవ్యమునుండి ఆగ్నేయమునకు, నేల ఒక పొడవైన పట్టీగా కోట్ల సంవత్సరముల క్రిందట క్రుంగిపోయినది. ఇరుప్రక్కల పాత రాయి నిలిచియుండగా నడుమ భాగము పగుళ్ళ వెంబడి క్రిందికి జారినది. ఆ పల్లములో ఇసుక, మట్టి, అడవులు పొరలు పొరలుగా పూడిపోయినవి. ఇసుక ఇసుకరాయి అయినది. అడవి బొగ్గు అయినది. ఆ బొగ్గును 1871లో భూగర్భ పరిశోధక శాఖకు చెందిన విలియం కింగ్ దొర ఇల్లెందు ప్రాంతమున కనుగొన్నాడు. తెలంగాణములోని సింగరేణి గనులన్నియు ఆ పట్టీలోనివే. బొగ్గును, వేడినీటిని ఒకే పల్లము దాచియుంచినదన్నమాట.

ఇసుకరాయి నీటిని పీల్చుకొనును. పగుళ్ళు దానిని లోతునకు దింపును. ఎత్తు ప్రదేశములలో కురిసిన వాన ఈ విధముగా ఒకటి రెండు కిలోమీటర్ల లోతునకు దిగి, అక్కడి వేడిని గ్రహించి, వెనుక వచ్చు నీటి ఒత్తిడిచే మరియొక పగులు వెంట పైకి లేచును. వేగముగా పైకి వచ్చినచో వేడితో వచ్చును. నిదానముగా వచ్చినచో దారిలో చల్లారి మామూలు ఊటగా మిగులును. కనుక వేడినీటి బుగ్గకు అగ్నిపర్వతము అవసరము లేదు. వాన, లోతైన పగులు, తొందర – ఈ మూడు చాలును. ఈ పగుళ్ళు పూర్తిగా నిద్రపోలేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము దగ్గర 5.7 తీవ్రతతో భూకంపము వచ్చినది. హైదరాబాదులోను కదలిక తెలిసినది.

మణుగూరు సమీపమున పగిడేరు అను ఊరు కలదు. బొగ్గును వెదకుచు వేసిన బోరులో అక్కడ వేడినీరు తనంతట తాను ఉబికినది. ఇటీవలి సంవత్సరములలో సింగరేణి సంస్థ అక్కడ ఆ వేడితో విద్యుత్తు తీయుటకు 20 కిలోవాట్ల ప్రయోగాత్మక యంత్రమును నెలకొల్పినది. 20 కిలోవాట్లనగా మన కళాశాల ఫ్యాన్లకు, దీపములకు సరిపోవునేమో! బొగ్గు కొండల నడుమ ఈ చిన్న యంత్రమును చూచుటకైనను విజ్ఞానశాస్త్ర విద్యార్థులు వెళ్ళవలెను.

మణికరణ్ లో వేడి మరియొక విధమైనది. భారత భూఖండము ఉత్తరమునకు జరిగి ఆసియాను ఢీకొని సుమారు 5 కోట్ల సంవత్సరములైనది. ఇంకను నెట్టుచునే ఉన్నది. ఆ ఒత్తిడిలో రాతిపొరలు మడతలు పడి, విరిగి, ఒకదానిపై ఒకటి ఎక్కినవి. లోతున ఉండవలసిన వేడి రాయి పైకి వచ్చినది. మంచు కరిగిన నీరు లోయ పగుళ్ళలో దిగి, మణికరణ్ వద్ద 90 డిగ్రీలు దాటిన వేడితో బుసలు కొట్టుచు పైకి వచ్చును. ఆ ఊరు సముద్రమట్టమునకు సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉన్నది. అంత ఎత్తున గాలి ఒత్తిడి తగ్గుటచే నీరు నూరు డిగ్రీలకు కాక 94 డిగ్రీలకే మరుగును. కాబట్టి మణికరణ్ బుగ్గ మరుగుచున్నదని అక్కడివారు చెప్పుట అతిశయోక్తి కాదు. బియ్యమును, శనగలను గుడ్డలో మూటకట్టి ఆ నీటిలో దించి ఉడికింతురు. గురుద్వారా లంగరు వంట కొంత ఆ వేడితోనే సాగును. పార్వతీదేవి చెవి కమ్మలోని మణి నీటిలో పడినదనియు, శేషుడు బుసకొట్టగా అది వేడినీటితో పైకి వచ్చినదనియు స్థలపురాణము. మన గుండాలలో అన్నము ఉడకదు. ఒళ్ళు వెచ్చబడును, అంతే. హిమాలయము పడుచుది, దక్కను ముసలిది; ఆ తేడాను అన్నపు మూట చెప్పుచున్నది.

దేవాలయముల మాట. మణికరణ్ లోను రామాలయమున్నది. కులూ రాజు జగత్ సింగ్ కాలమునాటిదని చెప్పుకొందురు. అదే పదిహేడవ శతాబ్దములో భద్రాచలములో కంచెర్ల గోపన్న రామునికి గుడి కట్టించినాడు. నేలకొండపల్లివాడైన గోపన్న గోల్కొండ ప్రభుత్వమున పాల్వంచ పరగణా తహసీల్దారు. అతని మేనమామలు అక్కన్న, మాదన్నలు. 1672 నుండి 1687 వరకు పాలించిన అబుల్ హసన్ తానాషా కొలువులో మాదన్న మంత్రి. వసూలైన శిస్తును గుడికి ఖర్చు పెట్టినందులకు గోపన్న గోల్కొండ కోటలో ఖైదు పడెను. ఆ గదిని నేటికిని చూపుదురు. రామలక్ష్మణులు మారువేషమున వచ్చి సుల్తానుకు బాకీ చెల్లించి రసీదు తీసుకొనిరని కథ. చరిత్ర విద్యార్థి ఆ కథను ఎట్లు తూచునో అది అతని పని. కాని శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వము తరపున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము తానాషా పేర మొదలై, ఆసఫ్ జాహీల కాలమున నిలిచి, నేటికిని సాగుచున్నది. మన విద్యార్థులలో కొందరు తానాషా అనగా బంధించినవాడని మాత్రమే విన్నారు. మరికొందరు మన పాదుషా అని మాత్రమే విన్నారు. ఇద్దరును ఆ ముత్యముల సంగతి వినవలెనని మా కోరిక. ఆలయములో ఎవరు ఎంతవరకు వెళ్ళవలెనన్నది వారి వారి మనస్సునకును, ఆలయ నియమములకును విడిచిపెట్టుచున్నాము. మెట్ల క్రింద గోదావరి రేవు మాత్రము అందరిది.

ఆ రేవున నిలుచున్నచో భూగోళము, రాజకీయము రెండును కనిపించును. గోదావరి ఎడమ గట్టునున్న ఈ తాలూకా 1860 వరకు నిజాము రాజ్యములోనిది. ఆ తరువాత ఆంగ్లేయుల పాలనకు పోయి తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, 1959లో ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో పోలవరము ముంపు నిమిత్తము చుట్టుప్రక్కల మండలములు ఆంధ్రప్రదేశ్ కు బదిలీ అయినవి. భద్రాచలము పట్టణము తెలంగాణములో ఉండిపోగా, కొద్ది మైళ్ళ దూరములోని గుండాల గ్రామము ఆంధ్రప్రదేశ్ లోనికి పోయినది. అనగా తెలంగాణలో దైవదర్శనము చేసి, ఆంధ్రలో వేడినీటి స్నానము చేసి, మరల తెలంగాణకు భోజనమునకు రావచ్చును. లోతున నీటికి ఈ ఎల్లలు తెలియవు.

గుండాలలో కట్టిన కొలను కోసము చూచినవారు నిరాశపడుదురు. నది తగ్గినప్పుడు ఒడ్డున ఇసుకలో గుంట తీసినచో వెచ్చని నీరు ఊరును; అదియే గుండము. త్రిమూర్తులు చలికాలమున అక్కడ స్నానమాడుదురని స్థానికుల నమ్మకము. మేము కొందరు విద్యార్థులతో వెళ్ళినప్పుడు ఒక గుంటలో చేయి పెట్టి, మరియొక చేయి నదిలో పెట్టి నిలుచున్న విద్యార్థి “సార్, రెండు కాలములు ఒకేసారి తగులుచున్నవి” అన్నాడు. కవిత్వము వ్రాయుమన్నప్పుడు ఆ పిల్లవాడు ఎన్నడును ఒక్క పంక్తి వ్రాయలేదు.

ఇక చేపలు. కులూ నదులలోని ట్రౌట్ అక్కడ పుట్టినది కాదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆంగ్లేయులు తెచ్చి వదలినది. దానికి చల్లని, నురుగులు కక్కు నీరు కావలెను. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరుగును: సున్న డిగ్రీల వద్ద లీటరుకు 14 మిల్లీగ్రాములకు పైగా, 30 డిగ్రీల వద్ద సుమారు ఏడున్నర. గోదావరిలో ట్రౌట్ ను వదిలినచో ఊపిరాడక చచ్చును. గోదావరికి తన చేపలు తనకున్నవి: బొచ్చె, శీలావతి, మోసు, వాలుగ, జెల్ల. మడుగులలో కొర్రమీను. ఇవి వెచ్చని, బురద కలిసిన నీటికి అలవాటు పడినవి. వర్షాకాలపు కొత్తనీటిలో గ్రుడ్లు పెట్టును. సముద్రము నుండి ఎదురీదివచ్చు పులసకు ఇంత పైకి దారి లేదు. 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట దానిని క్రిందనే నిలిపినది. కోయ సోదరులు వెదురుబుట్టలు వాగులకు అడ్డము పెట్టి చేపలు పట్టు తీరు, పల్లెవారు నాటుపడవ మీద నిలుచుండి విసురువల విసరు తీరు చూడదగినవి. గాలము వేయదలచిన విద్యార్థులు అక్కడివారిని అడిగి, వారు చూపినచోట వేయవలెను. క్షేత్రపు రేవున వేయుట మర్యాద కాదు. పాల్వంచ దగ్గరి కిన్నెరసాని జలాశయము అందమైనది, అందు మొసళ్ళున్నవి. దూరము నుండి చూడవలెనే గాని దిగరాదు.

ట్రౌట్ కు పేరు పొందిన రేవులలో లార్జీ ఒకటి. తీర్థన్, సైంజ్ నదులు బియాస్ లో కలియు ఆ చోటనే 126 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రపు ఆనకట్ట ఉన్నది. చిన్న జలాశయముగల ఇట్టి కేంద్రములలో విద్యుత్తు ఉత్పత్తి తగ్గించినప్పుడు, యంత్రములలోనికి పోవలసిన నీరు తలుపుల గుండా నదిలోనికి పోవలసివచ్చును. ఆకాశములో మబ్బు తునక లేకున్నను నది లేచును. పొడి రాళ్ళు, పలుచని నీరు, ఎండ – చూచుటకు ఇంతకంటె నిరపాయమైన చోటు లేదనిపించును. ఆ 24 మంది కంటికి కూడ అట్లే కనబడియుండును.

గోదావరి కూడ ఈ విధముగనే మోసము చేయగలదు, నెమ్మదిగా. భద్రాచలములో చినుకు పడకున్నను మహారాష్ట్రలో, ఛత్తీస్ గఢ్ లో కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతి నదుల ద్వారా వచ్చి చేరును. ఎగువన తాలిపేరు జలాశయమునకు తలుపులున్నవి. భద్రాచలమున నీటిమట్టము 43 అడుగులైనప్పుడు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులకు. మేము ఎం.ఏ. చదువు దినములలో మిత్రులతో ఒక ఇసుకతిన్నె మీదికి నడిచివెళ్ళి, మాటలలో పడి, తిరిగివచ్చుసరికి మోకాలిలోతు పాయ నడుములోతు అయినది. ఒక పడవవాడు తీసుకొనివచ్చి ఒడ్డున దించి, డబ్బు పుచ్చుకొనక అన్నమాట ఇది: “గోదారి మొహం చూసి దిగకండి సారూ, ఒడ్డు మీద తడి గీత చూసి దిగండి. గీత మునుగుతుంటే నది వస్తున్నట్టు.” అప్పటినుండి మేము ఏ నది దగ్గరికి వెళ్ళినను ముందు ఒక పుల్లను నీటి అంచున గుచ్చి, పది నిమిషములు దానిని చూచుచు కూర్చుందుము.

కమిటీ పెద్దలకు మా సలహా ఇది. ఈ సంవత్సరము గోదావరి లోయకు అనుమతి ఇవ్వవలెను. కొత్తగూడెములోని భద్రాచలము రోడ్డు స్టేషను వరకు రైలులో, అక్కడినుండి 40 కిలోమీటర్లు బస్సులో. ఒక దినము భద్రాచలము, పర్ణశాల. ఒక దినము గుండాల. ఒక దినము మణుగూరు, కిన్నెరసాని. వెళ్ళుటకు ముందు తార్నాకలో ఒక పూట భూగర్భశాస్త్ర పాఠము. ప్రతి పదిమందికి ఒక అధ్యాపకుడు, స్థానికుడైన ఒక పడవవాడు. ఆ పడవవాని కూలి విద్యార్థుల చందాలో కాక కళాశాల ఖర్చులో వ్రాయవలెను. గుండములు వానకాలములో నది క్రిందికి పోవును గనుక సంక్రాంతికిని శివరాత్రికిని నడుమ వెళ్ళుట మంచిది. శ్రీరామనవమి నాటికి జనసమ్మర్దము ఎక్కువగును.

కులూ దరఖాస్తును మేము తిరస్కరించుట లేదు. దానిని ఫైలులోనే ఉంచుమని కోరినాము. గోదావరి ఒడ్డున పుల్ల గుచ్చి కూర్చుండి వచ్చిన విద్యార్థులు వచ్చే సంవత్సరము దానిని మరల వ్రాసి ఇత్తురు. ఈసారి తెలుగు ప్రతిలోని ఒత్తులను మేమే ముందుగా చూచి పంపుదుము.